పెద్ద బండికి ఎంత గాలి?

పెట్రోల్ బంకులో గాలి గొట్టం పట్టుకున్న కుర్రాడు మొదట అడిగేది "ఎంత పెట్టమంటారు సార్?" అని. ఎస్‌యూవీ ఓనర్లలో చాలామంది దగ్గర దీనికి రెండే జవాబులు. ఒకటి, "పెద్ద బండి కదా, నలభై కొట్టెయ్." రెండోది, "నువ్వే చూసి పెట్టు తమ్ముడూ." ఆ తమ్ముడు ఆటోనైనా, ఆల్టోనైనా, మీ రెండు టన్నుల బండినైనా ఒకేలా చూస్తాడు. అసలు జవాబు మాత్రం బండి మీదే అచ్చయి ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే అంచు దగ్గర ఓ చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. కొన్ని బండ్లకు డీజిల్ ట్యాంకు మూత లోపల ఉంటుంది.

టైరు మీది అంకె వేరు

టైరు పక్కభాగం మీద 'మ్యాక్స్' అని 44 పీఎస్‌ఐ, 51 పీఎస్‌ఐ లాంటి అంకె కనిపిస్తుంది (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం). అది ఆ టైరులో నింపగలిగే గాలికి గరిష్ఠ పరిమితి. పెట్టాల్సిన గాలి కాదు. అదే టైరును నాలుగైదు రకాల బండ్లకు వేస్తారు కాబట్టి, మీ బండి బరువెంతో టైరు కంపెనీకి తెలిసే అవకాశం లేదు. తెలిసింది బండి కంపెనీకి, అందుకే స్టిక్కరు మాటే చెల్లుతుంది. మామూలు లోడుకు ఒక అంకె, ఫుల్ లోడుకు ఇంకో అంకె చాలా స్టిక్కర్ల మీద ఉంటాయి. ఏడుగురు, పైన లగేజీ, డిక్కీలో బియ్యం బస్తాతో ఊరెళ్లేటప్పుడు చూడాల్సింది ఆ రెండో అంకె. జనం బరువే నాలుగున్నర క్వింటాళ్లు దాటుతుంది మరి.

బరువు మోసేది గాలి

టైరు మీద 265/65 ఆర్17 112 అని ఉంటే, చివరి 112 లోడ్ ఇండెక్సు. అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. 110 అయితే 1,060 కిలోలు. మామూలు రకం టైరు అంత బరువు మోయాలంటే లోపల దాదాపు 36 పీఎస్‌ఐ గాలి ఉండాలి. గాలి 26కి పడిపోతే మోసే సత్తా అయిదో వంతుకు పైగా తగ్గిపోతుంది. రబ్బరు అదే, తీగలు అవే. తగ్గింది గాలి ఒక్కటే.

మనుషులతో కలిపి 2,400 కిలోల బండి అనుకుందాం. 33 పీఎస్‌ఐ దగ్గర ఒక్కో చక్రం నేలను తాకే చోటు సుమారు 260 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితంలో సగం కూడా కాదు. వంద కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడేదీ, మలుపు తిరిగేదీ ఆ నాలుగు ముక్కల మీదే.

26 పీఎస్‌ఐ కథ

గాలి గొడవ ఒక దేశం చట్టాన్నే మార్చింది. 1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ తెగ అమ్ముడుపోయిన ఎస్‌యూవీ. దానికి వచ్చేవి ఫైర్‌స్టోన్ టైర్లు. ఫోర్డ్ స్టిక్కరు మీద వేసిన గాలి 26 పీఎస్‌ఐ. బండి కుదుపు తగ్గాలి, తిరగబడే ముప్పూ తగ్గాలి, అందుకని టైరు కాస్త మెత్తగా ఉండాలన్న లెక్క. అంత తక్కువ అంకెతో మొదలైన గాలి, ఎవరూ చూడకుండా నెలలు గడిచేసరికి ఇంకా దిగిపోయేది. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తాయి. వంగిన కొద్దీ వేడి పుడుతుంది. అరిజోనా, టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల హైవేల మీద ఆ వేడికి ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు పొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టాయి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఈ టైర్లతో ముడిపెట్టిన మరణాలు 271. టైరు తయారీలోనూ లోపాలు తేలాయి. తప్పు టైరుదా, బండిదా అని రెండు కంపెనీలు వాదించుకుని, దాదాపు వందేళ్ల పొత్తును 2001లో తెంచుకున్నాయి. నా మట్టుకు, కంపెనీ ఇచ్చే అంకెలో కాస్తయినా తరుగుకు చోటుండాలని ఈ కథ చెబుతోంది.

ఆ గొడవ నడుస్తుండగానే 2000 నవంబరులో అమెరికా 'ట్రెడ్' అనే వాహన భద్రతా చట్టం తెచ్చింది. దాని ఫలితమే డ్యాష్‌బోర్డు మీద మనకు కనిపించే గుర్రపునాడా ఆకారపు పసుపు లైటు, మధ్యలో ఆశ్చర్యార్థకంతో. అక్కడి నిబంధన ప్రకారం గాలి స్టిక్కరు అంకె కన్నా 25 శాతం తగ్గితే ఆ లైటు వెలగాలి. 33 ఉండాల్సిన టైరు 25 దగ్గరికి దిగాకే అన్నమాట. లైటు వెలగలేదు కదా, గాలి బాగుందనుకోవడం కుదరదు. కొన్ని బండ్లలో టైరులో సెన్సరు ఉండదు, చక్రాల వేగంలో తేడా చూసి గాలి తగ్గిందని పసిగడతాయి. నాలుగు టైర్లూ సమానంగా దిగిపోతే ఆ రకం పసిగట్టడం కష్టం.

నీటిలో బరువు పనిచేయదు

"మాది బరువైన బండి, వాన నీటిలో తేలదు" అనే ధీమా చాలామందికి ఉంది. రన్‌వే నీళ్ల మీద విమానాలు జారిపోవడం గురించి 1960లలో నాసా చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం వచ్చింది. టైరు పీఎస్‌ఐకి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే, టైరు నీటి మీద తేలే వేగం గంటకు ఇన్ని మైళ్లని వస్తుంది. బండి బరువు ఆ సూత్రంలో లేనే లేదు! 33 పీఎస్‌ఐకి ఆ వేగం సుమారు 96 కిలోమీటర్లు, 22 పీఎస్‌ఐకి 78. విమానాల టైర్లకు కట్టిన లెక్క గనుక కార్లకు ఉజ్జాయింపుగానే తీసుకోవాలి, పైగా ట్రెడ్ అరిగితే ఇంకా ముందే తేలుతుంది. మన దగ్గర కారు టైరుకు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన.

ఎండలో గాలి తీయకండి

ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు మారితే గాలి ఒక పీఎస్‌ఐ అటూ ఇటూ అవుతుంది. మైదానంలో మధ్యాహ్నం 25 డిగ్రీల ఎండలో గాలి పట్టించి, తెల్లారేసరికి లంబసింగిలో 5 డిగ్రీల మంచులో దిగితే చలి ఒక్కదానికే మూడు నాలుగు పీఎస్‌ఐ మాయం. చికాగోలో, న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు తొలి చలి ఉదయం పసుపు లైటు వెలగడం ఏటా మామూలే.

వేసవిలో ఇంకో పొరపాటు. విజయవాడ హైవే మీద రెండు గంటలు నడిచొచ్చిన టైరులో 33 కాస్తా 38 చూపిస్తుంది. "ఎక్కువైంది, పేలుతుంది" అని అయిదు తీసేస్తారు. మర్నాడు పొద్దున చూస్తే 28! స్టిక్కరు అంకె చల్లని టైరుకు, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి. వేడెక్కితే పెరిగే నాలుగైదు పీఎస్‌ఐని కంపెనీ ముందే లెక్కలో వేసుకుంటుంది. ఎండలో పేలే టైర్లలో ఎక్కువ భాగం గాలి తక్కువై లోలోపల కాగిపోయినవే.

లద్దాఖ్ వెళ్లేవాళ్లకు ఒక విచిత్రం. లేహ్ ఎత్తున బయటి గాలి పీడనం తగ్గిపోతుంది కనుక మీటరు అయిదు పీఎస్‌ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. అక్కడి చలి దాన్ని చాలావరకు లాగేస్తుంది.

ఇసుకలో మాత్రం తీయాలి

దుబాయ్ డెజర్ట్ సఫారీకి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. దిబ్బలు మొదలయ్యే చోట ల్యాండ్ క్రూజర్ ఆపి, డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని వాల్వు మూత తీసి పిన్ను నొక్కుతాడు. బుస్సుమని గాలి పోతుంది. గేజీ పెట్టి చూసి మళ్లీ నొక్కుతాడు. 15, 18 పీఎస్‌ఐ దగ్గర ఆపుతాడు. టైరు పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 'డక్' అనే ఉభయచర లారీలకు, నడుస్తుండగానే డ్రైవరు సీట్లోంచి గాలి తగ్గించి పెంచే ఏర్పాటు చేసింది. మెత్తని ఇసుకకు 11 పీఎస్‌ఐ, గట్టి రోడ్డుకు 40. ఐస్‌లాండ్‌లో మంచు మీద తిరిగే భారీ జీపులైతే రెండు మూడు పీఎస్‌ఐకీ దిగుతాయి. ఆ టైర్లు వేరు, మనం ప్రయత్నించేవి కావు.

నైట్రోజన్ సంగతి

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పూర్తి నైట్రోజన్ కాస్త నెమ్మదిగా కారుతుంది, తేమ ఉండదు. వేడికి పెరగడం, చలికి తగ్గడం దాదాపు మామూలు గాలిలాగే. డబ్బిచ్చి నైట్రోజన్ పట్టించి ఆరు నెలలు చూడని టైరు కన్నా, పదిహేను రోజులకోసారి చూసే మామూలు గాలి టైరే నయం.

స్టెప్నీ

డిక్కీ కిందో, వెనక తలుపుకో వేలాడే ఆ అయిదో టైరును అడిగేవాళ్లే ఉండరు. టైరు నెలకు ఒక పీఎస్‌ఐ దాకా సహజంగానే కోల్పోతుంది. రెండేళ్లు ముట్టని స్టెప్నీ, పంక్చరైన టైరు ఒకటే. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి 33 కాదు, సాధారణంగా 60 పీఎస్‌ఐ కావాలి. అది వేసుకుని గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఈసారి బంకులో ఆ తమ్ముడు "అయిపోయింది సార్" అన్నప్పుడు, స్టెప్నీకి కూడా పట్టమనండి.