రొట్టె మీద పన్ను తీయించిన జాన్ బ్రైట్

మనకు అన్నం ఎలాగో, ఇంగ్లండు పేదలకు రొట్టె అలాగ. సుమారు నూట ఎనభై ఏళ్ల కిందట అక్కడ కూలివాళ్లకు కడుపునిండా రొట్టె దొరికేది కాదు. ఎందుకు? ఒక చట్టం వల్ల.

ఏమిటా చట్టం?

ఆ రోజుల్లో పార్లమెంటులో ఎక్కువమంది భూస్వాములే. తమ గోధుమలకు మంచి ధర రావాలనుకున్నారు. 1815లో చట్టం చేశారు. దేశంలో ధర బాగా పెరిగితే తప్ప బయటి దేశాల గోధుమలు రానివ్వకూడదన్నారు. 1828లో దాన్ని మార్చి, బయటి గోధుమల మీద పన్ను వేశారు. పంట తక్కువైన ఏడు ధర మండిపోయేది. భూస్వామికి లాభం. కూలితల్లి చేతిలో రొట్టె ముక్క చిన్నదయ్యేది. ఆమెకు ఓటు లేదు. ఆమె భర్తకూ లేదు. ఇక ఎవరిని అడగాలి?

ఎవరీ జాన్ బ్రైట్?

జాన్ బ్రైట్ 1811లో రోచ్‌డేల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రికి నూలుమిల్లు ఉంది. వాళ్లది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. అందరూ సమానమే అంటారు. యుద్ధం తప్పు అంటారు. వాళ్ల ప్రార్థనలో ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడవచ్చు. బ్రైట్ పదిహేనేళ్లకే చదువు ఆపి మిల్లు పనిలోకి వచ్చాడు.

1841లో ఆయన భార్య ఎలిజబెత్ జబ్బుతో చనిపోయింది. పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు. చిన్న కూతురు ఉంది. బ్రైట్ కుమిలిపోతున్నాడు. అప్పుడు స్నేహితుడు రిచర్డ్ కాబ్డెన్ వచ్చాడు. ఓదార్చాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. ఎన్నో ఇళ్లలో తల్లులు, పిల్లలు ఆకలితో చనిపోతున్నారు, దుఃఖం కాస్త తగ్గాక నాతో రా, ఆ చట్టం పోయేదాకా విశ్రమించవద్దు అన్నాడు. బ్రైట్ సరేనన్నాడు.

ఎలా గెలిచారు?

కత్తి పట్టలేదు. ఊరూరా సభలు పెట్టారు. 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. వాళ్ల సంఘం లక్షలకొద్దీ కరపత్రాలు అచ్చువేసి పంచింది. ఆడవాళ్లూ ఊరుకోలేదు. 1842లో మాంచెస్టరులో, 1845లో లండనులో పెద్ద సంతలు పెట్టారు. కుట్టినవి, అల్లినవి అమ్మి సంఘానికి డబ్బు ఇచ్చారు.

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఘోరమైన కరువు వచ్చింది. 1846లో ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ ఆ చట్టం తీసేయించాడు. పన్ను మూడేళ్లలో దాదాపు పూర్తిగా పోయింది.

మన దేశం గురించి

అప్పుడు మన దేశం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. 1858లో బ్రైట్ పార్లమెంటులో కంపెనీని నిలదీశాడు. మాంచెస్టరు ఒక్క ఊరు మంచినీళ్ల కోసం చేసిన ఖర్చు, కంపెనీ పద్నాలుగేళ్లలో ఇండియా అంతటా ప్రజల పనులకు పెట్టినదాని కంటే ఎక్కువ అని చెప్పాడు.

అన్నిటిలో మంచివాడేనా?

1861లో అమెరికాలో యుద్ధం వచ్చింది. అక్కడ పత్తి పండించేది బానిసలు. పత్తి రాక ఇంగ్లండు మిల్లులు మూతపడ్డాయి. బ్రైట్ మిల్లుకూ నష్టమే. అయినా ఆయన బానిసత్వం పోవాలన్నాడు.

కాని ఇంకో సంగతి కూడా ఉంది. మిల్లుల్లో ఆడవాళ్లకు, చిన్నవాళ్లకు రోజుకు పది గంటలే పని ఉండాలని 1847లో చట్టం వచ్చింది. మిల్లు యజమాని అయిన బ్రైట్ దాన్ని వ్యతిరేకించాడు. పట్నాల కూలివాళ్లకు ఓటు కావాలని గట్టిగా పోరాడాడు. 1867లో చాలామంది మగవాళ్లకు ఓటు వచ్చింది. ఆడవాళ్ల ఓటుకు ఆ ఏడు సరేనన్నాడు, 1876లో వద్దన్నాడు. ఆయన చెల్లెలు ప్రిసిల్లా, తమ్ముడు జేకబ్ మాత్రం ఆడవాళ్ల ఓటు కోసమే పనిచేశారు.

బ్రైట్ 1868లో మంత్రి అయ్యాడు. 1889లో చనిపోయాడు. ఇంగ్లండులో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు 1928లో వచ్చింది. దానికోసం ఆడవాళ్లే ఏళ్ల తరబడి పోరాడారు.

ఆలోచించండి

1. రొట్టె ధర పెరగడానికి కారణం ఏమిటి? లాభం ఎవరికి? నష్టం ఎవరికి?
2. ఒకరు మనకు ఒక మేలు చేస్తే, వాళ్లు చెప్పేవన్నీ ఒప్పుకోవాలా?
3. మీ ఇంట్లో కొనే సరుకుల్లో వేటి ధర పెరిగింది? ఎందుకు పెరిగిందో నలుగురూ కలిసి మాట్లాడుకోండి.