పసుపు నీళ్లతో బర్డ్ ఫ్లూ ఆగదు: పెరటి కోళ్లకు నేను తీసుకున్న జాగ్రత్తలు

2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు మా పెరట్లో 30 నాటు కోళ్లున్నాయి. "పసుపు నీళ్లు పట్టరా, చాలు" అంది అమ్మ. కషాయాలు నేనూ వాడతాను. కానీ ఈ వైరస్‌ను అవి ఆపలేవు, వచ్చాక మందు లేదు.

అడవి బాతులు, కొంగల రెట్టలతో వస్తుంది కాబట్టి కోళ్లను చెరువు వైపు వదల్లేదు. మేత, నీళ్లు రేకు కప్పు కింద పెట్టి చుట్టూ వల కట్టాను. గూటి దగ్గరికి వేరే చెప్పులు. సంతలో కొన్న కోడిని 3 వారాలు విడిగా ఉంచుతాను.

తల వాచి, జుట్టు, తమ్మెలు నీలంగా మారి, ఒకేసారి నాలుగైదు చనిపోతే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, కోయొద్దు, అమ్మొద్దు. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. చెబితే ఉన్నవీ చంపేస్తారని భయం ఉంటుంది, నిజమే. దాచిపెడితే మాత్రం ఊరి కోళ్లన్నీ పోతాయండీ.

వల కట్టిన తీరు వీడియోలో చూడండి.