తాత తుపాకి, నిజాం కథ

మా ఇంట్లో ఒక కథ ఉంది. మహబూబ్‌నగర్‌కి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకొచ్చి, మా తాత వాళ్ల తాతని మెచ్చుకొని ఒక జోడు గొట్టాల తుపాకి ఇచ్చిండట. దేవరకొండ దగ్గర మా ఊర్లో ఈ కథ తెలియనోళ్లు లేరు.

పోయినేడు తాత చనిపోయాడు. తుపాకి లైసెన్స్ ఆయన పేరు మీద ఉండేది. "ఇంత పాతది, యాంటిక్. దీనికింక లైసెన్స్ ఎందుకు?" అన్నాడు మా బాబాయి. చాలామంది ఇట్లనే అనుకుంటారు, కానీ తప్పు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు, రిపేరు చేసినా పేలని వాటికే. పేలేదైతే ఎంత పాతదైనా లైసెన్స్ ఉండాల్సిందే. లైసెన్స్‌దారు పోతే వారసులు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి 21 ఏండ్లు నిండాలి. నాకు 19. అందుకే నాయిన పెట్టిండు.

హైదరాబాద్‌లో డీలర్ దగ్గర డిపాజిట్ చేసిన రోజు నేనూ వెళ్లాను. ఆయన తుపాకిని మూడు భాగాలుగా విప్పాడు: కర్ర దస్తా, దాని ముందుండే చిన్న చెక్క, గొట్టాలు. గొట్టాల అడుగున, మూసి ఉంటే కనపడని చోట, బోలెడు ముద్రలు!

'క్రుప్' అని ఉంటే కంపెనీ పేరు దొరికింది అనుకున్నా. కాదట. క్రుప్ ఉక్కు ఇచ్చిన కంపెనీ మాత్రమే. ల్యాప్‌టాప్ మీద ఇంటెల్ స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ల్యాప్‌టాప్ ఇంటెల్‌ది కాదు కదా, అట్ల.

మిగతావి పరీక్ష ముద్రలు. జర్మనీలో 1891 చట్టం ప్రకారం ప్రతి తుపాకిని ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర కొట్టేవాళ్లు. కిరీటం కింద 'యు' అంటే తనిఖీ అయింది. 'ఎస్' అంటే చిన్న గుండ్లు కాల్చేది. 'డబ్ల్యూ' అంటే గొట్టం చివర సన్నబడుతుంది. వలయంలో 12 అంటే గేజ్: ఒక పౌండ్ సీసంతో 12 సమాన గుండ్లు చేస్తే, ఒక్కోటి పట్టేంత గొట్టం. 1940 నుంచి కిరీటం పోయి గద్ద వచ్చింది. మాదాంట్లో కిరీటమే, అంటే అంతకుముందుది.

ఆయన ఒక హెచ్చరిక కూడా చేశాడు. ఆ కాలపు జర్మన్ తుపాకుల్లో తూటా గది చాలావాటికి 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే ఉంటుంది, కానీ పేలిస్తే ప్రమాదం.

చివరగా ఒక చిన్న అంకె: '3 26'. పరీక్ష జరిగిన నెల, సంవత్సరం. 1926 మార్చి.

మహబూబ్ అలీ ఖాన్ చనిపోయింది 1911లో.

నాయిన, నేను బస్సులో ఏం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి నాయినమ్మకి ఎట్ల చెప్పాలో తెలియక, సీదాగా చెప్పేశా. ఆమె కాసేపు ఆలోచించి అంది: "నిజాం ఇయ్యలేదంటే మనోళ్లే కొన్నరన్నట్టు గదా బిడ్డా. ఒకరి దగ్గర చెయ్యి చాపలే. గది ఇంకా మంచిగుంది."

ఇప్పుడు ఊర్లో ఈ కథే చెప్తోంది.