బెంగుళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

కొడుకో కూతురో కాలిఫోర్నియాలో స్థిరపడిన ఇళ్ళు బెంగుళూరు తెలుగువారిలో నేడు అనేకం. పురుళ్ళకూ, మనుమలను చూడడానికీ పెద్దలు విమానం ఎక్కక తప్పడం లేదు. వారు అడిగే ప్రశ్నలు రెండు: ఎంత దూరం? ఎంతసేపు?

దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గోడకు వేలాడే పటం మీద బద్ద పెట్టి కొలిస్తే ఈ లెక్క తేలదు. పిల్లలు చదువుకొనే గ్లోబు తెచ్చి, రెండు ఊళ్ళకూ మధ్య దారం బిగించి చూడండి. అది టిబెట్టు, సైబీరియాల మీదుగా పైకెక్కి, ఆర్కిటిక్ వలయం దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రని భూమి మీద దగ్గర దారి అదే. అయితే విమానాలు అచ్చంగా ఆ దారం వెంటనే పోవు. గాలిని బట్టి, దేశాల అనుమతులను బట్టి దారి మారుతుంది.

ఇక కాలం సంగతి. 2021 జనవరి 9న రాత్రి ఎనిమిదిన్నరకు శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, 11వ తేదీ తెల్లవారుజామున మూడు దాటాక బెంగుళూరులో దిగింది. నడిపినవారందరూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ వారికి నాయకురాలు. గడియారాలు చూస్తే ముప్ఫై గంటలు దాటినట్లుంటుంది. కాని చలికాలంలో మన గడియారం అక్కడిదానికంటె పదమూడున్నర గంటలు ముందు. అది తీసివేస్తే నిజమైన ప్రయాణం పదిహేడు గంటలే. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరి పదహారు గంటలు ఎగిరినా, అక్కడ దిగేసరికి అదే రోజు సాయంత్రం ఐదు! వేసవిలో తేడా ఒక గంట తగ్గుతుంది.

దూరం పెరిగితే కాలమూ పెరగాలని లేదు. 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపారు. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది. ఆకాశంలో పైఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి వెనుకనుండి తోయడమే కారణం. ఏటివాలున పోయే పడవకు శ్రమ తక్కువ కదా!

కనుక టిక్కెట్టు మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివే అని గుర్తుంచుకోండి. ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు గడియారం ముల్లు చూసి మోతాదు వేసుకోరాదు. గడిచే గంటలు ఇన్ని అని వైద్యునికి చెప్పి, ఎప్పుడెప్పుడు ఎంత తీసుకోవాలో కాగితం మీద వ్రాయించుకొని, మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. అన్ని గంటలు కదలక కూర్చుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయండి, మంచినీళ్ళు త్రాగుతూ ఉండండి. దూరాన్ని విమానం చూసుకుంటుంది. కాలాన్ని మాత్రం మనమే చూసుకోవాలి.