అద్దముపై నల్లపొర: అంటుకొనిన తీరు, ఊడదీయు తీరు

వైశాఖమాసపు మధ్యాహ్నమున గుంటూరు మిర్చియార్డు వెలుపల ఎండలో నిలిపియుంచిన కారు తలుపు తెరచినచో, లోపలిగాలి కొలిమిసెగవలె ముఖమునకు తగులును. నీడపట్టున 42 డిగ్రీలున్న దినమున మూసియున్న కారులో 60 డిగ్రీలు దాటుట సామాన్యమే. ఈ సెగను తప్పించుకొనుటకే నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతములలో ఒకప్పుడు పెక్కుమంది కారు అద్దములకు నల్లపొర అంటించుకొనిరి. పాత కార్లపై అట్టి పొరలు నేటికిని కనబడుచున్నవి. రంగు వెలిసి, ఊదావర్ణమునకు తిరిగి, బుడగలు లేచిన ఆ పొర రాత్రివేళ ఎదుటిబండి దీపపు కాంతిని చెదరగొట్టును. టిక్కీలు అమ్ముకొని చీకటిపడిన పిమ్మట రహదారి నెక్కు రైతునకు, దారి దాటుచున్న మనిషి ఒక క్షణము ఆలస్యముగా కనబడును. ఆ ఒక్క క్షణమే చాలు.

మన దేశపు సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పులో, కారు అద్దములపై నల్లపొరలు ఉండరాదనియు, మే 4 నుండి వానిని తొలగింపవలెననియు ఆదేశించినది. 1989 నాటి మోటారు వాహన నిబంధనల ననుసరించి ముందు వెనుకల అద్దములు కనీసము 70 శాతము, పక్క అద్దములు 50 శాతము కాంతిని లోనికి పోనీయవలెను. ఈ లెక్కలో పలువురు పొరపడుదురు. 60 శాతము కాంతిని పోనిచ్చు పొర పక్క అద్దమునకు తగినదేగదా యని వారి ఊహ. కాని అద్దముగూడ కొంత కాంతిని ఆపును. అద్దము 80 శాతము పోనిచ్చునని అనుకొందము. అందులో 60 శాతమే పొరను దాటును. 0.80 × 0.60 = 0.48. అనగా మిగిలినది 48 శాతమే.

ఇంతకును ఈ పొర ఏమిటి? ఇది పాలియెస్టరు అను పదార్థపు పలుచని రేకు. 1941లో ఇంగ్లాండునందు విన్‌ఫీల్డ్, డిక్సన్ అను రసాయనవేత్తలు దీనిని తయారుచేసిరి. గుంటూరు, ప్రకాశం మైదానముల ప్రత్తితో కలిపి వడకి చొక్కాగుడ్డ నేయునదియు ఈ పాలియెస్టరే. దారముగా తీసిన వస్త్రము, రేకుగా సాచిన పొర. ఆ రేకునకు రంగులద్ది, ఒకవైపున ఆక్రిలిక్ జిగురు పూసి, అద్దపు లోపలివైపున అంటింతురు. పలురంగులు కలిసినందుననే పొర నల్లగా కనబడును. పక్క అద్దము సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను చాలభాగము లోనికి పోనిచ్చును. ఆ కిరణములకు కొన్ని రంగుల అణువులు ముందుగా విరిగిపోవును. మిగిలిన రంగులు ఊదాగా కనబడును. జిగురు బలము తగ్గినచోట బుడగ లేచును.

ఇట్టి పొరను గోటితో పట్టి ఒక్కపెట్టున లాగిన, రేకు పీలికలై చిరిగి జిగురంతయు అద్దముననే నిలిచిపోవును. బెల్లపుపాకము వేడిగానున్నప్పుడు సాగును. చల్లారిన పిమ్మట పెళుసై విరుగును. జిగురు గుణమును ఇంచుమించు ఇట్టిదే. సుమారు 70 డిగ్రీలకు పాలియెస్టరు రేకుగూడ మెత్తబడును. కావున తల ఆరబెట్టుకొను హెయిర్‌డ్రయరును జానెడు దూరమున కదలించుచు, అద్దపు పైఅంచున ఒక మూలను లేపి, నిదానముగ లాగవలెను. ఊడిన భాగమును అద్దమునకు దగ్గరగా మడచి పట్టుకొని లాగిన చిరుగుట తగ్గును. పనివారి హీట్‌గన్ ఇందులకు వలదు. అది ఒకేచోట అద్దమును మిక్కిలి వేడిచేయును.

ఎండలో కాగిన అద్దముపై చన్నీరు గుమ్మరించుటయు ప్రమాదమే. పైతలము తటాలున చల్లబడి సంకోచింపజూచును. లోపలిభాగము ఇంకను వ్యాకోచించియే యుండును. ఆ లాగుడు పైతలమునే చీల్చజూచును. పక్క అద్దము వేడిచేసి వేగముగ చల్లార్చి గట్టిపరచినది గనుక కొంత తట్టుకొనును. ముందు అద్దమట్లు గట్టిపరచినది కాదు, నడుమ ప్లాస్టిక్ పొరతో అతికిన రెండు అద్దములు. ఉదయముననే నీడలో పని మొదలిడుట మేలు.

మిగిలిన జిగురును సబ్బునీటితో నానబెట్టి ప్లాస్టిక్ రేకుతో గోకవచ్చును. తలుపులోని మీటలపై తువ్వాలు కప్పవలెను. నీరుపట్టు సమయమున డ్రయరు ప్లగ్గు తీసియుంచవలెను. స్పిరిటు వాడినచో తలుపులన్నియు తెరచి, వేడియు నిప్పును లేకుండ చూచుకొనవలెను.

అద్దముపై అమోనియా చల్లి, నల్లని పాలిథిన్ కప్పి ఎండబెట్టుట కొందరి పద్ధతి. జిగురు ఊడునన్నమాట నిజమే. కాని మిరప నిలువచేయు కోల్డ్‌స్టోరేజీలలో యంత్రములను నడుపు అమోనియా ఎంత ఘాటైనదో అచటి పనివారికి తెలియును. మిరపలోని కాప్సైసిన్ కంటిలో పడిన మంట పుట్టును. అది నరములను మాత్రము ప్రేరేపించును, కంటి పొరను కాల్చదు. అమోనియా అట్లుకాదు. కంటి తడిలో కరిగి క్షారమై ఆ కణజాలమునే దహించును. మూసిన కారులో దానిని పీల్చుట ఎంతమాత్రమును తగదు. బ్లీచింగు ద్రవముతో కలిసినచో మరింత విషవాయువులు పుట్టును.

వెనుక అద్దము పని అన్నిటికంటె నాజూకైనది. మంచును పోగొట్టుటకై దాని లోపలివైపున వెండి కలిసిన సన్నని గీతలుండును. పొర ఆ గీతలపైననే అంటుకొనియుండును. ఇచట బ్లేడు తగిలింపనేరాదు. గీతల వెంబడి, అడ్డముగా, వెచ్చచేయుచు లాగవలెను. గీతలన్నియు సమాంతర సంధానములో నున్నవి గనుక ఒకటి తెగినను తక్కినవి పనిచేయును. పని ముగిసిన పిమ్మట అద్దముపై నోటి ఆవిరిని ఊది, మీట నొక్కి చూచినచో, ఏ గీత చుట్టును మసక తొలగలేదో ఆ గీతయే తెగినదని తెలియును.