ఒడ్డుకో చదువు

సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక ఈ ఒడ్డు చదువుకు దొరతనం దిక్కయింది, ఎదుటి కాళేశ్వరం ఒడ్డు చదువుకు హైదరాబాదు. ఇళ్లలో మాట్లాడేది రెండు వైపులా ఎక్కువగా తెలుగే. అది మాత్రం ఏ సర్కారుకూ పెద్దగా పట్టలేదు.

ఒక ఒడ్డున దొరల చదువు, మరో ఒడ్డున నిజాం చదువు అనగానే, మదరసా అంటే ఖురాన్, పడమటి చదువంటే లెక్కలూ సైన్సూ అని తేల్చేయడం మనకు అలవాటు. తేడా పాఠాల్లో లేదు. చదువుకున్నవాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలన్న దగ్గర ఉంది. ఇస్లామీయ విద్య దృష్టిలో జ్ఞానం అల్లా అప్పగించిన సొత్తు. దాన్ని ఎలా వాడావని రేపు ఆయన అడుగుతాడు. ఆధునిక పాశ్చాత్య విద్య ఆ ప్రశ్నను ఎవరి ఇష్టానికి వాళ్లకు వదిలేసి, సొంతంగా ఆలోచించే పౌరుణ్ణి తయారుచేస్తానంటుంది. ఇదీ మొన్నటి మాటే: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చాలా డిగ్రీలకు, పదవులకు మత విశ్వాసపు షరతు 1871 దాకా పోలేదు.

పాఠాల సంగతికొస్తే, 1111లో చనిపోయిన ఇస్లామీయ పండితుడు ఇమామ్ గజాలీ వైద్యాన్ని, గణితాన్ని సమాజం మొత్తం మీద ఉన్న ధార్మిక బాధ్యతల్లో చేర్చాడు. ఊళ్లో ఒక్కరూ నేర్వకపోతే పాపం అందరిదీ. ఆయన ఫిర్యాదు మరీ ఘాటైనది. ముస్లిం వైద్యుడే లేని ఊళ్లున్నా అందరూ ధర్మశాస్త్రం మీదే పడుతున్నారట. కారణమూ ఆయనే చెప్పాడు: వైద్యం చదివితే ఖాజీ పదవి రాదు, వక్ఫుల పెత్తనం దొరకదు. కోచింగ్ సెంటర్లు అప్పటికి లేవు, అంతే.

కొలువు లెక్కల్లో దొరలూ తక్కువేం కాదు. భారతదేశంలో చదువు ఎలా ఉండాలో చెప్పిన 1854 నాటి వుడ్ విద్యాపత్రం జ్ఞానాన్ని, నైతికతను ఎంత పొగిడిందో, నమ్మకమైన ఉద్యోగుల అవసరాన్నీ, ఇంగ్లండు సరుకులకు పెరగబోయే గిరాకీనీ అంత ఓపికగా వివరించింది.

దేవుడికి జవాబు చెప్పడం, లోకానికి పనికిరావడం అనే రెండు లక్ష్యాలనూ ఒకే కప్పు కిందికి తెచ్చిన ప్రయత్నం హైదరాబాదులో 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పడానికి అనువాద శాఖే పెట్టారు. ఇంగ్లీషు తప్పనిసరి. ముస్లిం విద్యార్థులకు దీనియాత్ అనే మతబోధ, మిగతావాళ్లకు నీతిశాస్త్రం. దైవానికీ లోకానికీ ఒకే విద్యార్థి జవాబుదారీగా ఉండగలడని ఒప్పుకున్న ఏర్పాటు అది. తెలుగు పిల్లవాడికి మాత్రం రెండూ పరాయి భాషల్లోనే అందాయి. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉస్మానియా ప్రయోగం ఆగింది రాజ్యం మారినందువల్ల. ఆ రెండు లక్ష్యాలకూ పొసగదని అక్కడ ఎవరూ రుజువు చేయలేదు.