పూట సరుకు, ఏడాది సరుకు

మే నెల. విజయవాడ పటమట రైతుబజారు. తెల్లవారి అయిదున్నరకే రవిక చెమటకి వీపుకి అంటుకుపోతోంది. ధరల బోర్డు మీద ఇంకా నిన్నటి రేట్లే ఉన్నాయి. వాటిని తుడిచి ఇవాళ్టివి రాయాల్సిన మనిషి సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటున్నాడు. వచ్చేవాళ్ళెవరూ ఆ బోర్డు వైపు చూడ్డం లేదు. చూసి లాభం లేదు కూడా. బోర్డు మీద బెండ, దొండ, వంకాయ, టమాటా ఉంటాయి. వేసవిలో జనం తెల్లారకుండా లేచి పరిగెత్తుకొచ్చేది ముంజల కోసం, మల్లెమొగ్గల కోసం, చింతచిగురు కోసం, ఆవకాయ కాయ కోసం. వాటిలో సగం బోర్డుకి ఎక్కవు, కొన్ని గేటు లోపలికే రావు.

ఏళ్ళ తరబడి ఈ సంచీ మోస్తున్నదాన్ని కాబట్టి ఒక లెక్క చెప్పగలను. వేసవిలో ఇక్కడ దొరికే మంచి సరుకు రెండే రకాలు. సాయంత్రానికి పనికిరాకుండా పోయేది ఒకటి. మళ్ళీ వేసవి దాకా నిలిచేది ఇంకొకటి. నడిమి రకం, అంటే ఫ్రిజ్‌లో పడేసి వారం పొడుగునా వండుకునే కూరగాయ ఉంది చూశారూ, ఈ రెండు నెలలూ అవస్థ పడేది అదే. సంక్రాంతినాటి చీటీ పట్టుకుని మేలో వచ్చి, క్యాలీఫ్లవర్ పచ్చబడిపోయిందని విసుక్కునేవాళ్ళని రోజూ చూస్తాను. చలికాలపు పంటని రోహిణి కార్తెలో అడిగితే అదెలా ఉంటుంది మరి!

ముందు గేటు బయట ఆగుదాం. తాటిగెలలు రోడ్డువారగా కుప్పపోసి, కత్తితో కాయ నెత్తి చెక్కి, బొటనవేలితో లోపలికి ఒక్క నొక్కు నొక్కి ముంజని బయటికి తీసే పనితనం చూడ్డానికే అయిదు నిమిషాలు నిలబడొచ్చు. కాయకి మామూలుగా మూడు ముంజలు. లేతదైతే నొక్కగానే లోపల నీళ్ళు కదులుతాయి. ముదిరితే తెల్లగా, గట్టిగా, నమిలితే రబ్బరు ముక్క. లేతవే ఇమ్మని అడిగితే ముంజలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "లేతయ్యే కొట్టానమ్మగారూ, ముదురైతే డబ్బులియ్యొద్దు" అంది. తిరుగులేని హామీ. కాకపోతే ముంజ లేతదో ముదురుదో ఇంటికెళ్ళి తింటే గానీ తెలియదు. ఇంటికెళ్ళాక మళ్ళీ పది రూపాయల కోసం ఎవరొస్తారు?

ఈ సరుకుకి గడువు గంటల్లోనే. ఒకసారి ప్లాస్టిక్ సంచీలో వేయించుకుని, దారిలో బ్యాంకు పని చూసుకుని, ఎవరింటికో వెళ్ళి కబుర్లలో పడి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాను. సంచీ విప్పితే పులిసిన వాసన. తాటాకులో కట్టించుకుంటే కాస్త గాలాడుతుంది, కానీ తాటాకులో కట్టినా సాయంత్రానికి అట్టిపెట్టుకునే వస్తువు కాదది. పైన ఉండే లేతగోధుమ రంగు పొర వగరని పిల్లలు ఒలిపించుకుంటారు. మా నాన్నగారు పొరతో సహా తినేవారు, వేసవికి ఆ వగరే మందని.

తాటిచెట్టు మాత్రం తొందరలేని చెట్టు. ఇప్పుడు కోయకుండా వదిలేసిన కాయే శ్రావణ, భాద్రపదాల్లో తాటిపండై రాలుతుంది. ఆ పండు టెంకల్ని మట్టిలో పాతర వేస్తే సంక్రాంతి ముందు తేగలొస్తాయి. ఒకే గెల మూడు కాలాల్లో మూడు రకాల తిండి. ఆ మూడింట్లో మన ఓపికకి అస్సలు ఆగనిది ముంజ.

మల్లెలదీ ఇదే తొందర. మైలవరం వైపు తోటల్లో చీకటితోనే మొగ్గ కోస్తారు. పొద్దెక్కితే మొగ్గ బిగువు తగ్గుతుంది. ఉదయం కొన్న మొగ్గ సాయంత్రం జడలో విచ్చుకోవాలి, మర్నాటికి వాడిపోవాలి. మూర కొలతలో మోసమని గొణుక్కునేవాళ్ళుంటారు. మూరంటే కొలిచే చెయ్యి ఎవరిదైతే వాళ్ళ మూరే. పొడుగు చేతుల మనిషి దగ్గర కొనుక్కోవడమే దీనికి విరుగుడు.

లోపలికి వస్తే, మూలన గోనెపట్టా పరుచుకుని, తడిగుడ్డ కింద దాచినట్టు పెట్టుకున్న గుప్పెడు చింతచిగురు. ధర వింటే గుండె ఝల్లుమంటుంది. పొడవాటి చెట్టెక్కి, కొసకొమ్మల్లో ఒక్కో చిగురూ గిల్లితే పొద్దంతా కష్టపడ్డా బుట్ట నిండదు. ఆ కూలి లెక్క వేసుకుంటే చవకే అనాలి. అరచేతుల్లో నలిపి పుల్లలు, ఈనెలు ఏరేసి పప్పులో వేస్తే ఆ పూటకి వేరే కూర అక్కర్లేదు. ఎండురొయ్యలతో వండుకునేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను బేరం ఆడని సరుకు ఈ బజారంతా కలిపి ఇదొక్కటే.

ఇక మామిడిపండు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశమంతా దానికి పేరుంది. తోలు మందం, దూరప్రయాణానికి ఓర్చుకుంటుంది, నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. కానీ నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం తోటలు ఇంత దగ్గర్లో పెట్టుకుని పటమటలో కూడా బంగినపల్లే కొనుక్కెళ్ళేవాళ్ళని చూస్తే నాకు జాలి. బంగినపల్లి ఎక్కడైనా దొరుకుతుంది, రసాలు దొరకవు. చిన్నరసం, పెద్దరసం పలచటి తోలు కాయలు. లారీలో వెయ్యి కిలోమీటర్లు కుదిపితే రసం పెట్టెలోనే కారిపోతుంది. అందుకే అవి తోటకి దగ్గరున్న ఊళ్ళకే దక్కే భాగ్యం. రసాన్ని కోసి ముక్కలు పెట్టడం నేరంతో సమానం. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క జీడి పారబోసి జుర్రుకోవాల్సిందే. చొక్కా మీద పడితే పడనివ్వండి.

పండు కన్నా కాయ కొని ఇంట్లో ముగ్గవేసుకోవడం మేలని నా మాట. కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం ఆహారభద్రత నిబంధనల ప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువుని మాత్రం పరిమితికి లోబడి వాడుకోనిస్తారు. నిషేధం నిషేధమే, వ్యాపారం వ్యాపారమే. ఒంటి నిండా ఒకే పసుపు, తొడిమ దగ్గర ముక్కు పెడితే వాసన లేదు అనిపిస్తే దండం పెట్టి ముందుకి కదలండి. కాయని ఎంచుకునేప్పుడు తొడిమకి అటూ ఇటూ భుజాలు లేచాయో లేదో చూడండి. ఇంటికొచ్చాక బకెట్టు నీళ్ళలో వేస్తే ముదిరిన కాయ అడుక్కి పోతుంది, లేతది తేలుతుంది. తేలినవి పచ్చడికి, మునిగినవి వరిగడ్డిలోకి.

ఊరు మారితే వేసవీ మారుతుంది. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకి ఈ రోజుల్లో వెళితే నిమ్మపసుపు మీద ఎర్రజీర కొట్టే సువర్ణరేఖ కనిపిస్తుంది. ఆ పైన ఉద్దానం అంతా పనస, జీడిమామిడి రాజ్యం. హైదరాబాద్ ఎర్రగడ్డలో గంగవాయిలి కూర కట్టలు అడుగుతారు, అక్కడ ఆవకాయలో అల్లంవెల్లుల్లి పడకపోతే అది ఆవకాయే కాదు. నా వేసవి కృష్ణ ఒడ్డుది కాబట్టి మళ్ళీ పటమటకే వస్తాను.

ఇప్పుడు నడిమి సరుకు. టమాటా సంగతి చూడండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటాకి పూత నిలవదు, రాలిపోతుంది. మన మైదానాల్లో వేసవికి టమాటా చేలు ఖాళీ అయ్యేది అందుకే. అప్పుడు దిక్కు మదనపల్లె. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి అక్కడ ఎండలోనూ కాయ పడుతుంది. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ మన చారు పలచబడుతుంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పరిగెత్తినప్పుడు ప్రభుత్వం రాయితీ మీద రైతుబజార్లలో 50 రూపాయలకి అమ్మించింది. ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళకి బోర్డు విలువ తెలుసు.

ఆ బోర్డు వెనక కథ పాతిక ఏళ్ళు దాటింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైంది 1999 జనవరి 26న. అంతకు ముందే, 1987లో, పంజాబ్ 'అప్నీ మండీ' పెట్టింది. మన తరవాత అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో 'ఉళవర్ సందై' తెరిచింది. పద్ధతి సులువైనదే. అధికారులు పొలం చూసి రైతుకి గుర్తింపు కార్డు ఇస్తారు. పొద్దున్నే ఎస్టేట్ ఆఫీసరు, రైతుల కమిటీ కూర్చుని, హోల్‌సేల్ ధర కన్నా పాతిక శాతం దాకా ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా పాతిక శాతం దాకా తక్కువ వచ్చేట్టు రేటు కడతారు. రైతుకి కమీషన్ బాధ లేదు, మనకి బేరం బాధ లేదు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

నేల మీద చూస్తే కార్డు ఒకరిది, తక్కెడ దగ్గర కూర్చున్నది ఇంకొకరు. ఈ ఫిర్యాదు బజారంత పాతది. నేను కనిపెట్టిన గుర్తు ఒకటుంది. ఎవరి ముందు ఇరవై రకాలు రంగులవారీగా పేర్చి ఉన్నాయో, అందులో క్యారెట్, బీన్స్ కూడా ఉన్నాయో, ఆ పొలం ఎక్కడుందో అడగడం మర్యాద కాదు. మన జిల్లాలో పండని వాటిని అమ్మడానికి మహిళాసంఘాల దుకాణాలు వేరే ఉన్నాయి. రెండుమూడు రకాలే, అవీ చిన్నాపెద్దా కలిసి వంకరటింకరగా, మట్టితో ఉన్నాయంటే ఆ మనిషి తెల్లారుజామున కోసుకొచ్చినట్టు లెక్క. వేసవిలో అలాంటివాళ్ళ దగ్గర ఉండేవి ఎండకి తట్టుకునే కాయలే. బీర, సొర, పొట్ల, గోరుచిక్కుడు, మునక్కాడ, పచ్చదోస. దోసకాయ కొనేముందు చిన్న ముక్క కోయించి నాలిక మీద వేసుకోండి. చేదు దోసకాయ ఒక్కటి చాలు, పప్పంతా పారబోయడానికి. ఆకుకూరల్లో పాలకూర, కొత్తిమీర జోలికి పోకండి. గోంగూర, తోటకూర, బచ్చలి ఎండకి బెదరవు.

మిగిలింది ఏడాది సరుకు. సంచీ మీద కాకుండా ఆటో మీద వెళ్ళాల్సిన పని ఇది. మార్చి నుంచే మొదలవుతుంది. ఎర్రటి కొత్త చింతపండు కొని, గింజ తీసి, ఉప్పు చల్లి జాడీకెక్కించాలి. పాతబడే కొద్దీ నల్లబడుతుంది, అది దాని స్వభావం. తరవాత మిరపకాయలు. గుంటూరు మిర్చి యార్డుకి ఏటా మేలో ఎండల సెలవులు ఇస్తారు, కాబట్టి తెలిసినవాళ్ళు ఏప్రిల్‌లోనే కాయ కొని, ఎండబెట్టి, కారం ఆడించేస్తారు. చల్లమిరపకాయలకి పొట్టిగా లావుగా ఉండే పచ్చిమిరప, వడియాలకి బూడిదగుమ్మడి. ఎండని తిట్టుకుంటూనే ఎండతో చాకిరీ చేయించుకునే నెల ఇది.

వీటన్నిటికీ పెద్ద ఆవకాయ. కాయ పుల్లగా, పీచుతో, కండ గట్టిగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, టెంక ముదరాలి. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ముక్క ఊరి మెత్తబడిపోతుంది. ఈ పాఠం నేను అత్తగారి నోట వినలేదు, జాడీ నోట విన్నాను. పెళ్ళైన కొత్తలో, ఏప్రిల్ మొదటివారంలోనే, నిగనిగలాడే పెద్ద కాయలు చూసి మనసు పారేసుకున్నాను. అమ్మే ముసలాయన, "ఇంకో రెండు వారాలాగమ్మా, టెంక పడలేదు" అని చెప్పాడు కూడా. తన సరుకు తనే కొనొద్దనే మనిషి మాట వినకపోవడం ఎంత తెలివితక్కువో దసరాకి తెలిసింది. జాడీలో గరిటె పెడితే ముక్క లేదు, ఎర్రటి ముద్ద ఉంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో దాన్ని ఆవకాయ అనలేదు, "అది" అన్నారు.

కాయలు కొన్నాక బజారులోనే కొట్టించుకోవచ్చు. చెక్కపీటకి బిగించిన పెద్ద కత్తి, ఒక్క దెబ్బకి టెంకతో సహా రెండు చెక్కలు. ఇంట్లో కత్తిపీటతో ఈ సాహసం చేసి వేళ్ళకి కట్లు కట్టుకున్నవాళ్ళని ఎరుగుదును. కాయకింతని తీసుకుంటారు, సీజనులో ఆదివారమైతే గంటసేపు వరస తప్పదు. కొట్టాక లోపలి జీడి తీసేయాలి, టెంకకి అంటుకున్న పలచటి పొర గుడ్డతో తుడిచేయాలి. కడగడం మాత్రం కాయగా ఉన్నప్పుడే. ముక్కకి నీటి చుక్క తగిలిందా, బూజుకి పిలుపు వెళ్ళినట్టే. ఆ తరవాత ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వులనూనె మీ ఇంటి కొలత. కలిపిన మూడో రోజు తిరగకలిపి నూనె పైకి తేలిందో లేదో చూసుకోవాలి, తేలకపోతే ఇంకాస్త పోయాలి.

మొదటి వాన పడితే కాయలోకి నీరు దిగుతుంది, పులుపు పలచబడుతుంది. కాబట్టి తొలకరి లోపే ఈ పని అయిపోవాలి. ఈ ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారం దాకా ఆగకుండా మధ్యలో ఒక మంగళవారమో బుధవారమో తెల్లవారి బయల్దేరండి, వరస తక్కువుంటుంది. వెళ్ళేప్పుడు సంచీలతో పాటు పొడి తువ్వాళ్ళు రెండు పట్టుకెళ్ళండి. కాయ కొట్టే ఆయన దగ్గర ఉండే గుడ్డ అప్పటికే తడిసిపోయి ఉంటుంది.